సాక్షియు భోక్తయు

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో కంపెనీ బస్సు దిగి ఇంటిదారి పట్టు పటాన్‌చెరు కార్మికుని చేతిలోను, ముంబయి రహదారి మీదుగా కంది ఐ.ఐ.టి.కి పోవు విద్యార్థి చేతిలోను సాధారణముగా నుండునది ఆండ్రాయిడ్ ఫోనే. కొని తెరచిన తొలి గడియలోనే, వెదకుటకొక యాప్, దారి చూపుటకొక యాప్, వీడియోలు చూచుటకొక యాప్ వారడుగకయే అందు కొలువుదీరి యుండును. వీనిని కోరినదెవరన్న ప్రశ్న లౌకికముగా తోచినను, విచారింపగా అది ప్రాచీనమైన తత్త్వప్రశ్నయే యగును: మనము ఎన్నుకొనుటకు పూర్వమే ఎన్నిక ముగిసిపోయిన చోట కర్త యెవడు?

ముండకోపనిషత్తున ఒకే వృక్షము నాశ్రయించిన రెండు పక్షుల ప్రసక్తి గలదు. ఒకటి భోక్తయై ఫలమును భుజించును. రెండవది భుజింపక సాక్షియై చూచుచుండును. వేదాంతులు జీవేశ్వర విచారమునకు ఉపయోగించుకొన్న ఈ దృష్టాంతమున లోకవ్యవహారమునకు పనికివచ్చు ధర్మమొకటి యున్నది: చూచువానికి ఫలాపేక్ష లేదు గనుకనే అతని చూపునకు ప్రామాణ్యము. ఫోను వేదికల యజమానులు ఈ రెండు స్థానములను ఏకకాలమున కోరుచున్నారు. ఏ యాప్ దుకాణమున చేరవలెనో, ఏది పైన కనబడవలెనో, అమ్మకమున తమ భాగమెంతయో నిర్ణయించువారు వారే. ఆ దుకాణముననే తమ పటములను, తమ సంగీతమును, తమ బ్రౌజరును నిలిపి పరులతో పోటీపడువారును వారే.

ప్లే స్టోరును కోరిన తయారీదారులు తన యాప్‌ల సముదాయమునంతను ముందుగానే ఫోనులో నెక్కింపవలెనని గూగుల్ నిర్బంధించినదని తేల్చి, మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 20న ఆ సంస్థకు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించెను. ఆపిల్ మార్గమును భిన్నమైనది కాదు. 2012 సెప్టెంబరులో అది గూగుల్ పటములను తొలగించి తన పటములను తన ఫోనులలో నిలిపెను. అవి తప్పులతడకగా నుండుటచే, సంస్థాధిపతి టిమ్ కుక్ క్షమాపణ చెప్పి, ఇవి బాగుపడువరకు పోటీదారుల పటములను వాడుకొనుడని తానే సూచింపవలసి వచ్చెను. తన ఫలము చేదైన నాడు మాత్రమే భోక్త సాక్షి స్థానమున కూర్చుండెనన్నమాట.

పూర్వపక్షము దుర్బలమైనది కాదు. ఆండ్రాయిడ్‌ను తయారీదారులకు రుసుము లేకయే ఇచ్చుచున్నామనియు, ఆ వ్యయము ప్రకటనల ఆదాయముచేతనే పూడవలెననియు, వేరొక యాప్ కోరినవాడు దింపుకొనుటకు అడ్డేమియు లేదనియు గూగుల్ వాదము. జాతీయ కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్ సైతము 2023 మార్చి 29న జరిమానాను నిలిపియు, ముందుగా ఎక్కించిన యాప్‌లను తొలగించుకొను వీలు కల్పింపవలెనన్న దానితో సహా నాలుగు ఆదేశములను కొట్టివేసెను.

అయినను ‘అడ్డేమి’ అను ప్రశ్నకు ఆ సంస్థల లెక్కలే ప్రత్యుత్తరము. ఆపిల్ వారి సఫారీ బ్రౌజరులో తన వెదకుడు యంత్రమే ముందుగా నుండుటకు గూగుల్ ఒక్క 2022లోనే 2,000 కోట్ల డాలర్లు చెల్లించినదని అమెరికా న్యాయస్థానమున వెల్లడియయ్యెను. మనుజుడు స్వేచ్ఛగా ఎన్నుకొనువాడే యైనచో ముందు నిలుచుటకు ఇంత మూల్యమేల? మన అభ్యాసబలమునకు, మన ఉదాసీనతకు వ్యాపారులు కట్టిన వెల యిది.

కఠోపనిషత్తున యముడు నచికేతునకు, శ్రేయస్సు ప్రేయస్సు రెండును మనుజుని చెంతకు వచ్చుననియు, ధీరుడు రెంటిని పరిశీలించి వేరుపరచుననియు బోధించెను. రెండును ఎదుట నిలిచిననే గదా వివేకమునకు పని! ఒకటి అరచేతిలో నుండి, వేరొకటి పది మెట్ల కావల మరుగుపడి యున్నప్పుడు, రాత్రి షిఫ్టు ముగించి అలసి వచ్చిన కార్మికుడు వివేకము చూపలేదని నిందించుట ధర్మము కాదు. వివేకమునకు చోటు కల్పించుట సమాజధర్మము. ఆ చోటును చట్టమే కాపాడవలెను.

కనుక వేదికను పాలించువాడు తన సరకునకు అగ్రాసనము వేసికొనరాదు. వేసికొన్నచో పాలకుడనని చెప్పుకొనరాదు. ఇది సంస్థల విషయము. మన విషయమున కర్తృత్వమును కొంతయైనను తిరిగి పొందుటకు మార్గము సులభమే: సెట్టింగులు తెరచి, ముందుగా నున్న ప్రతిదానిని ‘నిన్ను కోరితినా’ యని ప్రశ్నింపుడు. వేరొకదానిని పరీక్షించిన పిమ్మట మొదటిదానినే ఉంచుకొన్నను దోషము లేదు. అప్పుడది మీరు ఎన్నుకొన్నది యగును.