అనిమిష దృష్టియు ఛాయాచిత్రమును

కృష్ణా మలప్రభా నదులు కలియు కూడల సంగమమున బసవేశ్వరుని ఐక్యమంటపము నారాయణపుర జలాశయపు నీటి నడుమ, బావివంటి గుండ్రని గోడలోపల నున్నది. మెట్లు దిగి పోవలెను. నేడు ఆ మెట్లమీద పలువురు యాత్రికుల చూపు మంటపముపై లేదు, కాలి క్రింది మెట్టుపైనను లేదు. చేతిలోని సెల్ ఫోనుపై నున్నది.

ఇందు దోషమేమి యని యువకులు ప్రశ్నింతురు. ప్రశ్న కొట్టివేయదగినది కాదు. మోకాళ్ల నొప్పులచే ఇల్లు కదలలేని ముసలితల్లికి కుమారుడు తెచ్చి చూపు ఐక్యమంటపపు చిత్రము నిశ్చయముగా దాసోహమే. ఆమె దానిని కన్నులకద్దుకొనును. అట్టి చిత్రమునుగూడ నిందించు పెద్దలు తొందరపడుచున్నారనక తప్పదు. చిక్కంతయు, తాను వచ్చితినని నలుగురికి చాటుటకై దేవునివైపు వీపు త్రిప్పి తీసికొను సెల్ఫీతో వచ్చినది.

లిండా హెంకెల్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞురాలి పరిశోధన యొకటి 2014లో ప్రచురితమైనది. ఒక మ్యూజియములో కొన్ని వస్తువులను ఊరక చూడుమనియు, కొన్నింటిని ఫొటో తీయుమనియు విద్యార్థులకు చెప్పిరి. మరునాడు అడుగగా, ఫొటో తీసిన వస్తువులే తక్కువగా జ్ఞప్తికి వచ్చినవి. కాని వస్తువులో ఒక భాగమును దగ్గరగా పరికించి తీసినచో ఆ లోపము కనబడలేదు. అనగా తప్పు యంత్రముది కాదు. యంత్రము చూచుచున్నది గదా యని మనస్సు తప్పుకొనుచున్నది.

శరణులకు ఈ సంగతి క్రొత్త కాదు. అల్లమప్రభువునకు ఇష్టలింగము అనిమిషయ్యవలన లభించెనని సంప్రదాయము. అరచేతిలోని లింగమును రెప్పవాల్చక చూచుచుండుటచే ఆయనకాపేరు. నేటికిని ఇష్టలింగపూజలో లింగమును ఎడమ అరచేత నుంచుకొని నిలుకడగా చూచుట ముఖ్యము. కెమెరా కన్నో, రెప్పపాటున తెరచి మూయునది. దానితోనే దర్శనము ముగిసెనని తలచువారినిగూర్చియే విచారము. కుటుంబముతో పోవువారు ముందు తనివితీర చూచి, వెలుపలికి వచ్చిన పిదప ఒక్కరు తీసిన చాలదా? పదుగురు పది ఫోన్లెత్తుట దేనికి?

శ్రీశైలమున గర్భాలయములో ఫొటోలకు తావులేదు. స్పర్శదర్శనము లభించిన వేళ భక్తుడు వంగి మల్లికార్జునలింగమును చేతితో తాకును. అప్పుడా చేయి ఖాళీగా నుండవలెను గదా. ఇంటికి వచ్చి చూపుటకు ఆ క్షణపు చిత్రమేదియు నుండదు. అయినను యాత్ర కబుర్లు చెప్పుమన్నప్పుడు ముసలివారు అక్కడినుండియే మొదలుపెట్టుదురు, చేయి చల్లగా తగిలినదని.