చీమయు గాదెయు

బ్రహ్మోపాసకులకు బైబిలుతో నేమి పని యని కొందరడుగుదురు. 1820లో రామమోహన రాయలు క్రీస్తు నీతిబోధలను వేరుగా గూర్చి ప్రకటించిన నాడే దీనికి బదులు దొరకినది.

సోమరి చీమను జూచి నేర్చుకొనవలెనని సామెతల గ్రంథము చెప్పుచున్నది. అనంతపురపు కాపునకీ బోధ యక్కరలేదు. ఏటికి సుమారు 22 అంగుళముల వాన, అదియు నిశ్చయము గాని నేలలో, అదనెరిగి విత్తక, గింజ దాచక బ్రదుకుట కల్ల. చీమ కథ మనకే చెప్పదగినది.

కార్యదక్షతకు యోసేపును గూడ నుదాహరింతురు. ఏడేండ్ల సమృద్ధిలో నైదవపాలు నిలువజేసి కరవున ఐగుప్తును గాచెను. నిజమే. కాని యా కథను తుదిదాక జదువువారరుదు. ఆ ధాన్యమునకే ప్రజల రొక్కము, పశువులు, భూములు, తుదకు వారి దేహములును ఫరోకు వశమయ్యెను. ప్రాణము నిలిచెను, స్వాతంత్ర్యము పోయెను. దీనిని విజయమందుమా?

ధాన్యము బిగబట్టువానిని ప్రజలు శపింతురని యదే సామెతల గ్రంథము వేరొకచోట హెచ్చరించుచున్నది. 1876-78 కరవును జూచిన సీమ యిది. ఆ శాపమున కర్థము చెప్పనక్కరలేదు. విత్తనములకై వాకిట నిలిచిన కాపునకు సేరుకు సేరున్నర లెక్కన గొలిచి యిచ్చి, సాయంకాలము సమాజమందిరమున చీమను గూర్చి ప్రసంగించువానిని నేనేమందును?