చూచుటయు, విచారించుటయు

మన పిల్లలు ఇంగ్లీషు పాఠములలో నేర్చుకొను మాటలలో ‘ఎక్స్‌ప్లోర్’ అనునది యొకటి. దీనికి ఒక్క తెలుగు మాట చాలదు. తెలియని దేశములో తిరిగి చూచుట ఒక అర్థము. ఒక సంగతిని అన్ని ప్రక్కలనుండి విచారించుట మరియొకటి. వైద్యుడు గాయపు లోతును పరీక్షించుట ఇంకొకటి. లాటిను భాషలో దీని మూలమునకు కేకవేయుట అని అర్థమనియు, పొదలలో దాగిన మృగములను వేటగాండ్రు కేకలతో లేపుటనుండి ఈ మాట పుట్టెననియు పూర్వపు పండితులు చెప్పిరి.

మోషే కనానునకు పన్నెండుగురిని పంపిన చరిత్ర మీరెరుగుదురు. అచ్చట 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ‘వెదకుట’ అను అర్థముగల మాట వాడగా, ఇటీవలి తర్జుమాలలో కొన్ని ‘ఎక్స్‌ప్లోర్’ అనియే వ్రాసినవి. వారు 40 దినములు తిరిగిరి. అందరును చూచిన దేశము ఒక్కటే. పదిమంది మాత్రము తమ భయమునే ఆ దేశపు సమాచారముగా చెప్పిరి.

బి.కొత్తకోటకు చేరువనున్న హార్సిలీ కొండను తలంచుడి. 19వ శతాబ్దిలో కడప కలెక్టరుగా ఉండిన హార్సిలీ దొర అక్కడ బంగళా కట్టుకొనగా ఆయన పేరు దానికి నిలిచెను. అంతకు ముందే అది ఏనుగు మల్లమ్మ కొండ. దొరకు క్రొత్తదైనది అక్కడి జనులకు పాతదే. కాబట్టి చూచినంత మాత్రమున మనమే కనుగొంటిమని చెప్పుకొనరాదు.

మదనపల్లె చెంత ఆరోగ్యవరములో 1915లో క్షయరోగుల ఆసుపత్రి తెరవబడెను. దగ్గు వినగానే ఊరు తీర్పు చెప్పును. వైద్యుడో, కఫము పరీక్షించి, రొమ్మునకు ఎక్స్‌రే తీయించి, ఇంటివారిని అడిగి తెలిసికొని గాని నోరు విప్పడు. మంచి విచారణ యిట్టిది.

మనమేమి చేయుచున్నాము? ఒక సహోదరుడు రెండు ఆదివారములు ఆరాధనకు రానియెడల, “అతని విశ్వాసము చల్లారినది” అందుము. అతని గడప త్రొక్కితిమా? కాడి యెద్దు చచ్చెనేమో, బిడ్డకు జ్వరమేమో, మన మాటయే అతని నొప్పించెనేమో! అడుగక చెప్పిన తీర్పు అబద్ధసాక్ష్యమునకు దగ్గర చుట్టము.

వేటగాని కేక మృగమును తరుమును. కాపరి కేక తప్పిపోయిన గొఱ్ఱెను పిలుచును. ఈ వారము ఎవరిని గూర్చియైనను మాటలాడక మునుపు వారి వాకిట నిలిచి, ప్రేమతో ఒక్క కేక వేయుదము.