ద్వారమునకు పేరున్నది

హైదరాబాదులోని ఆబిడ్స్ కాలిబాటలపై ఆదివారములలో పాత పుస్తకములు అమ్ముదురు. పూర్వకాలపు పట్టణమును చూపు అచ్చుచిత్రములను మీలో కొందరు చూచియుందురు. అట్టి చిత్రమొకదానిని తలంచుకొనుడి. నడుమ చార్మినారు, దాని ముందర కిక్కిరిసిన వీధి, ఎడ్లబండ్లు, నీళ్లు మోయువాడు, నెత్తిన తట్టతో ఒక స్త్రీ. చిత్రము క్రింద చార్మినారు పేరు అచ్చు వేయబడినది. జనములో ఒక్కరికిని పేరు లేదు.

ఇందులో తప్పేమని అడుగవచ్చును. చిత్రకారుడు అందరి పేర్లు వ్రాయగలడా? వ్రాయలేడు. 1591లో కట్టిన ఆ కట్టడమును మెచ్చుకొనుటయు పాపము కాదు. అయితే మనుష్యుని రాతికి అలంకారముగా మాత్రమే చూచుటకు కన్ను అలవాటుపడిన యెడల అది అపాయము.

పేటల పేర్లును అట్లే యున్నవి. ఆరవ నిజాము కొలువులోనుండిన ఆల్బర్ట్ ఆబిద్ అంగడి వలన ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చినది. ఆ అంగడికి మూటలు మోసినవారి పేరు ఏ వీధికిని లేదు. 1907లో వెలసిన నాంపల్లి స్టేషనులో నేటికిని పల్లెలవారు పనికొరకు దిగుచున్నారు. పట్టణమునకు వారు గుంపు. మనకైతే ఫలానివారి కుమారుడు, ఫలానివారి కుమార్తె.

అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయము చదువుడి. శృంగారమను ద్వారము పేరు అక్కడ వ్రాయబడినది గాని, దానియొద్ద కూర్చుండిన కుంటివాని పేరు వ్రాయబడలేదు. అతడు 40 ఏండ్లు దాటినవాడు. దినదినము ఎందరో అతనిని దాటి లోపలికి వెళ్లిరి. పేతురు యోహానులు మాత్రము నిలిచి, అతని ముఖము తేరిచూచిరి. ఆ తరువాతనే పేతురు చేయిపట్టి లేపెను. చూపు ముందు, సహాయము తరువాత. పేరు గ్రంథమునకు ఎక్కకపోయినను, అతడు చూడబడెను. అదియే అతనికి కావలసినది.

ఆ దేవాలయము క్రీ.శ. 70లో నాశనమాయెను. హైదరాబాదు కోటగోడకు 13 దర్వాజాలుండగా, పురానాపూలు, దబీర్‌పురా దర్వాజాలు రెండే మిగిలినవి. పేరుగల ద్వారములును కూలిపోవును.

సహోదరులారా, గుడి ద్వారమునకు రంగు వేయుటకు చందా పోగుచేయుట మంచిదే. అయితే అక్కడ చెప్పులు విడుచుచోట కూర్చుండు ముసలమ్మ పేరేమి? రాత్రి అన్నము తినెనా? వచ్చే ఆదివారము లోపలికి వెళ్లకముందు అడుగుడి.