డీసెంట్ అంటే ఎవరికి తగినది?



మన పెద్దలు ఊళ్లు విడిచి ఈ చంద్రపూర్ ప్రాంతపు బొగ్గు గనులకు, బల్లార్‌పూర్ కాగితపు మిల్లుకు వచ్చి రెండు మూడు తరాలు గడిచినవి. మన పిల్లలు తెలుగు, మరాఠీ, హిందీ కలిపి మాట్లాడుతారు. ఏ మాట ఏ భాషదో వారికే తెలియదు. అయితే ఒక ఇంగ్లీషు మాట మాత్రము నాయనమ్మ మొదలు మనుమరాలి వరకు అందరి నోట ఒకే తీరుగా వినిపిస్తుంది. అది ‘డీసెంట్’. అబ్బాయి డీసెంటేనా? వాళ్లది డీసెంట్ ఫ్యామిలీ అండి. ఆ బస్తీ అంత డీసెంట్ కాదు. బడి గడప తొక్కని ముసలమ్మ కూడా ఈ మాట తడబడకుండా అంటుంది.

దీని అర్థమేమిటని అడిగి చూడండి. ఒకరికి ఇస్త్రీ బట్టలు. ఒకరికి నెమ్మదిగా మాట్లాడుట. ఒకరికి తాగుడు లేకపోవుట. ఒకరికి పర్మనెంటు ఉద్యోగము. ఇంకొకరికి, పైకి చెప్పరు గాని, కులము. ఒకే మాటలో ఇన్ని దాగి ఉన్నప్పుడు దాని వేరు త్రవ్వి చూడవలసిందే. టీచర్ ట్రైనింగులో మాకు నేర్పిన మొదటి సంగతి అదే. పిల్లవానికి మాట అర్థము చెప్పే ముందు అది ఎక్కడ నుండి వచ్చినదో నీవు తెలుసుకొమ్మన్నారు.

ఈ మాట లాటిను భాషలోని ‘డెకేరే’ అను క్రియ నుండి పుట్టి, ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దములో ఇంగ్లీషులోనికి వచ్చినది. డెకేరే అంటే తగియుండుట, శోభించుట. మనము పెండ్లి పందిరికి చేయించే డెకరేషను, సభలలో పాటించుమనే డెకోరం, రాజ్యాంగములో చదివే డిగ్నిటీ, ఇవన్నీ ఆ ఇంటి బిడ్డలే. మొదట డీసెంట్ అంటే సందర్భానికి, మనిషి స్థితికి తగినది అని మాత్రమే. తరువాత ఒంటి నిండా బట్ట, అసభ్యము లేని మాట అను అర్థము బలపడినది. 18వ శతాబ్దము వచ్చేసరికి ‘ఫరవాలేదు, చాలినంత’ అను అర్థము కూడా చేరినది. డీసెంట్ జీతము అంటే మనకు ఈనాడు అదే గదా. ఇంకొంత కాలానికి మంచితనము గలవాడు అని కూడా అయినది. బట్టల నుండి జీతానికి, జీతము నుండి గుణానికి ఒకే మాట నడిచి వచ్చినది. మనము వాడేటప్పుడు ఏది ఉద్దేశిస్తున్నామో మనకే తెలియకపోవుటలో ఆశ్చర్యము లేదు.

తెలుగులో దీనికి సరిగ్గా సరిపడే వేరు ఉన్నది. అది ‘తగు’. తగిన మాట, తగని పని, నీకిది తగదు. పెండ్లి విషయములో ‘తగిన సంబంధము’ అంటాము. లాటిను తెలియకుండానే మన పూర్వికులు డీసెంట్ అనే మాటను తెలుగులో చెప్పుకున్నారన్నమాట. మన పొరుగు మరాఠీ తల్లి కూడా పిల్లవాడు అల్లరి చేస్తే ఇది నీకు శోభతం కా అని అడుగుతుంది. ఇక్కడ ఒక చమత్కారము చెప్పాలి. పాత తెలుగులో ‘తగవు’ అంటే న్యాయము, తగిన నడవడి. తగవరి అంటే న్యాయము తీర్చే పెద్దమనిషి. ఇప్పుడు తగవు అంటే కొట్లాట! ఏది తగినదో తేల్చుకోబోయి కొట్లాడుకున్న జాతి కనుక మాటకు ఆ గతి పట్టిందేమోనని నాకు అప్పుడప్పుడు నవ్వు వస్తుంది. సంఘ కమిటీ మీటింగులలో కూర్చున్నవారు నాతో ఏకీభవిస్తారు.

డీసెంట్‌కు సమానార్థకాలుగా చెప్పే మాటలను పరీక్షించితే ఒక సంగతి బయటపడుతుంది. జెంటిల్ అంటే మొదట మంచి వంశములో పుట్టినవాడు. అర్బేన్ అంటే పట్టణవాసి. పొలైట్ అంటే నునుపు పెట్టినది. ఎదుటి పక్షము చూడండి. విలన్ అంటే మొదట భూస్వామి పొలములో పనిచేసే పాలేరు. వల్గర్ అంటే సామాన్య జనానికి చెందినది. మన భాష ఏమైనా తక్కువ తిన్నదా? నగరములో ఉండేవాడు నాగరికుడు. సభకు తగినవాడు సభ్యుడు. గ్రామానిది గ్రామ్యము, అంటే వ్యాకరణము ప్రకారము తప్పు మాట. అంతస్తును తెలిపే మాటలు క్రమేణ గుణాన్ని తెలిపే మాటలుగా మారిపోవుటను సి.ఎస్. లూయిస్ 1960లో మాటల మీద వ్రాసిన పుస్తకములో చక్కగా చూపించాడు. ఉన్నవాడు మంచివాడయ్యాడు, పాలేరు దుర్మార్గుడయ్యాడు. ఇందులో నిఘంటువు చేసిన తప్పు లేదు. మాట్లాడే నోళ్లు ఎవరివో చూసుకోవాలి.

ఆ వరుసలో డీసెంట్ కొంత నిర్దోషిగా కనిపిస్తుంది. వంశము ఊసు లేదు, పట్టణము ఊసు లేదు, తగినది అంటే చాలు. కాని తగినది అంటే ఎవరికి తగినది? ప్రశ్న అక్కడే ఉన్నది. తిరువాన్కూరు రాజ్యములో నాడార్ స్త్రీలు రవిక వేసుకొనుట తమ స్థితికి తగదని పై కులాలవారు దశాబ్దాల పాటు అడ్డుపడ్డారు. ఎన్నో గొడవలైన తరువాత 1859 జూలై 26న రాజు ప్రకటన వెలువడినది. వారు రొమ్ము కప్పుకోవచ్చును గాని పై కులాల స్త్రీలు ధరించే పద్ధతిలో మాత్రము ధరించరాదు అని దాని సారాంశము. అంటే డీసెన్సీ మీకూ ఇస్తాము, కాని మా డీసెన్సీ కాదు అని. తగుట అను మాటను మనిషికి కాక మెట్టుకు కట్టివేస్తే ఇలాగే ఉంటుంది.

అందుచేత ఇస్త్రీ చొక్కాను, శుభ్రమైన ఇంటిని ఆడంబరమని తీసివేయుట నాకు ఇష్టము లేదు. చదువుకున్నవారిలో కొందరికి ఆ అలవాటు ఉన్నది. పేదవాడు డీసెంట్‌గా కనబడాలని తాపత్రయపడితే చిన్నగా నవ్వుతారు. గని క్వార్టర్లలో తల్లులు ఇత్తడి చెంబులో నిప్పులు పోసి పిల్లవాని బడి చొక్కా ఇస్త్రీ చేసిన రోజులు మనలో చాలామందికి తెలుసు. అది షోకు కాదు. 1927 డిసెంబరులో మహాడ్‌లో డాక్టర్ అంబేద్కర్ స్త్రీలతో ప్రత్యేకముగా మాట్లాడి, కులాన్ని చాటిచెప్పే పాత కట్టును, బరువు వెండి నగలను విడిచి, ఇతరుల వలె చీర నిండుగా కట్టుకొనుడని చెప్పారు. తగినది ఏదో ఇకమీదట మేమే నిర్ణయించుకుంటాము అని ఆ చీర కట్టు చెప్పినది. అదే అంబేద్కర్ 1956 అక్టోబరు 16న మన ఈ ఊరికి, అప్పటి చాందాకు, వచ్చి లక్షలాది మందికి ధమ్మ దీక్ష ఇచ్చారు. మన మార్గము వేరైనా, ఆ మైదానములో జనము కోరుకున్నది మనకు అర్థము కానిదేమీ కాదు.

ఇప్పుడు మన బైబిలులోని మాట చూద్దాము. 1611 నాటి ఇంగ్లీషు అనువాదములో మొదటి కొరింథీయులకు 14వ అధ్యాయము చివరి వచనములో ‘డీసెంట్‌లీ’ అని ఉన్నది. తెలుగులో అక్కడ ‘మర్యాద’ అని వ్రాశారు. మర్యాద అంటే సంస్కృతములో హద్దు, సముద్రము దాటని గట్టు. గ్రీకు మూలములో ఉన్నది మంచి ఆకారము, మంచి రూపు అను అర్థమిచ్చే మాట. అదే గ్రీకు మాట అంతస్తు గలవారికి కూడా వాడబడినది. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయములో పౌలును బర్నబాను ఊరి నుండి వెళ్లగొట్టించుటకు రేపబడిన స్త్రీలు ‘మర్యాద’ గలవారే. మార్కు 15వ అధ్యాయములో, సిలువ వేయబడినవాని శరీరము కొరకు తెగించి పిలాతు నొద్దకు వెళ్లిన అరిమతయియ యోసేపు కూడా ఆ మాటతోనే పిలువబడినాడు. ఒకే మర్యాద. ఒకచోట గెంటివేయుటకు పనికివచ్చినది, మరొకచోట శవాన్ని ఎత్తుకొనుటకు పనికివచ్చినది.

ఇంకొక చోటు ఉన్నది, తెలుగులో చదివితే కనబడదు. అదే పత్రిక 12వ అధ్యాయములో శరీరపు అవయవాల గురించి చెప్పునప్పుడు పౌలు ఈ మాట కుటుంబాన్నే వాడాడు. మన అనువాదకులు అక్కడ ‘సౌందర్యము’ అన్నారు. అందము తక్కువని మనము తలచే అవయవాలనే ఎక్కువ శ్రద్ధతో కప్పి గౌరవిస్తాము, మిగిలినవాటికి ఆ అవసరము లేదు అని ఆ వాదన. డీసెన్సీ అనునది ముందే ఉన్నవారికి దక్కే బిరుదు కాదు, లేనివారికి ఇవ్వవలసిన వస్త్రము అని నేను దాన్ని అర్థము చేసుకుంటాను. 14వ అధ్యాయము చదివి ఆరాధనలో నిశ్శబ్దముగా కూర్చోమని చెప్పేవారు రెండు అధ్యాయాలు వెనక్కి వెళ్లాలి.

ఒంగోలులో జాన్ క్లఫ్ దొరగారి ఎదుటకు వచ్చిన ప్రశ్న కూడా ఇదే. మాదిగలను చేర్చుకోకుంటే మేము వస్తాము అని పట్టణపు పెద్ద కులాలవారు సూచించినప్పుడు ఆయన, ఆయన భార్య వేరువేరు గదులలో బైబిలు తెరిచి ఒకే భాగము మీదికి వచ్చిన సంగతి మనము సండే స్కూలులో విన్నదే. అది ఆ కొరింథీ పత్రికే, మొదటి అధ్యాయము. ఆయన డీసెంట్ జనాన్ని ఎంచుకుని ఉంటే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మము ఉండేది కాదు. మనలో చాలామంది ఇంటిపేర్లు సంఘపు రిజిస్టరులో ఉండేవి కావు.

బయటి ప్రపంచము కూడా ఈ మాటను ఇటువైపే లాగుతున్నది. 1996లో ఆవిషాయ్ మార్గలిత్ అను తత్త్వవేత్త డీసెంట్ సమాజము అంటే తన సంస్థల ద్వారా మనుషులను అవమానించని సమాజము అని నిర్వచించాడు. మనుషులు ఒకరినొకరు అవమానించకుండుట వేరొక సంగతి అని, దానిని విడిగా చెప్పాడు. 1999లో అంతర్జాతీయ కార్మిక సంస్థ డైరెక్టర్ జనరల్ హువాన్ సొమావియా ‘డీసెంట్ వర్క్’ అను మాటను తమ లక్ష్యముగా ముందుంచాడు. గౌరవము, భద్రత, స్వేచ్ఛ ఉన్న పని అని దాని భావము. గమనించండి, ఇక్కడ డీసెంట్‌గా ఉండవలసినది పనివాడు కాదు, పని. బొగ్గు మసి అంటిన చేతులు డీసెంటా కాదా అని అడుగుట లేదు. ఆ చేతులకు తొడుగులు, ఆ గనికి సరైన గాలి, ఆ కుటుంబానికి పింఛను ఉన్నవా అని అడుగుతున్నారు. నా జీవితకాలములో ఒక మాట ఇంత మంచి దారిలోనికి మళ్లుట నేను ఎక్కువగా చూడలేదు.

మరి మన ఇండ్లలో? సంబంధాలు వెదికేటప్పుడు ‘డీసెంట్ కాదు’ అని ఒక్క మాటతో కొట్టివేయబడే పిల్లలు ఉన్నారు. తండ్రి మున్సిపాలిటీలో పాకీ పని చేసినందుకు, తల్లి నాలుగిండ్లలో అంట్లు తోమినందుకు. ఎందుకు వద్దన్నారో అడిగే వీలు కూడా ఉండదు, ఎందుకంటే ఆ మాట ఏమీ చెప్పకుండానే అంతా చెప్పేస్తుంది. తెలుగులో తగదు అన్నామా, ఎందుకు తగదు అని ఎవరైనా అడుగుతారు, జవాబు చెప్పవలసి వస్తుంది. సంబంధము అడుగుతూ నా దగ్గరకు వచ్చేవారితో నేను కొంతకాలముగా ఈ ఇంగ్లీషు మాట వద్దంటున్నాను. తాగుతాడా, అప్పులున్నవా, తల్లిని ఎట్లా చూస్తాడు, కోపము వస్తే చేయి ఎత్తుతాడా, ఇవి తెలుగులో అడగండి, తెలిసినంత చెప్తాను అంటాను. కొందరు నొచ్చుకొని లేచిపోయారు. ఇద్దరు ముగ్గురు మాత్రము కూర్చొని అడిగారు.