జాంబవంతుడు అడగలేదు

శ్రావణమాసం వచ్చిందంటే ఆదోని జనం రణమండల కొండెక్కుతారు. అమ్మ కూడా ఎన్నో ఏళ్లు ఎక్కింది. ఇప్పుడు మిద్దె మీద కుర్చీ వేసి కూర్చోబెడితే కొండవైపు చూసి చేతులు జోడిస్తుంది. అక్కడెవరున్నారమ్మా అంటే మాత్రం చెప్పలేదు. అలా అడగడం నేను మానేసి ఏడాదయింది. మాన్పించింది ఆ కొండ మీది ఆంజనేయుడే.

కిష్కింధకాండ చివర సముద్రపు ఒడ్డున వానరులంతా ఎవరెంత దూరం ఎగరగలరో లెక్కలు చెప్పుకుంటుంటారు. హనుమంతుడు ఓ పక్కన మాటాపలుకూ లేకుండా కూర్చుని ఉంటాడు. ఆయన బలం ఆయనకే తెలియదు. చిన్నప్పటి మునుల శాపం అలాంటిది, ఇంకొకరు చెబితే తప్ప గుర్తుకు రాదు. జాంబవంతుడు దగ్గరికి వెళ్తాడు. వెళ్లి, నువ్వెవరో జ్ఞాపకముందా నాయనా అని అడగడు. కథ చెబుతాడు. అంజనాదేవి కథ, వాయుదేవుడి కథ, పసితనంలో సూర్యుణ్ణి పండనుకుని ఎగిరిన కథ. అవతలివాడి కథను తాను మోసుకుని వచ్చి వాడి ముందు పెట్టాడు.

మేం చేసినవన్నీ పరీక్షలే. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ "నేనెవరో చెప్పు చూద్దాం" అనేవాడు. అమ్మ "నువ్వు తెలీకేం" అని నవ్వి, కొంగు కొస వేలికి చుట్టుకునేది. ఆ చుట్టుకోవడం సిగ్గని, తెలియక తల వంచుకోవడమని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ అమ్మకొచ్చిన ఈ జబ్బు గురించి మొదటిసారి చెప్పింది 1906లో. మెదడులో చేరకూడని ప్రొటీన్లు పేరుకుంటాయి. కొత్త జ్ఞాపకాలను అల్లే హిప్పోక్యాంపస్ సాధారణంగా ముందు దెబ్బతింటుంది. అందుకే పొద్దున తిన్న ఉగ్గాని గుర్తుండదు, పెళ్లికి ముందటి ఎమ్మిగనూరు గుర్తుంటుంది. మతిమరుపంతా ఇదే కాదు. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా మరపు రావచ్చు కాబట్టి ముందు డాక్టరుకు చూపించి తీరాలి. పూర్వజన్మ పాపం అనేవాళ్లకు మాత్రం నేను మంచినీళ్లిచ్చి పంపేస్తాను.

పొద్దు గూకుతుంటే అమ్మకు కంగారు మొదలవుతుంది. రెండు చీరలు మూట కట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. "అన్నా, ఎప్పుడొస్తివి? నాయన ఎదురుచూస్తుంటాడు, ఇంటికి పోదాం పా." ఆ అన్న మా మామ. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఒకసారి నిజంగానే కారెక్కించి ఎమ్మిగనూరు తీసుకెళ్లాను. ఎంత, ముప్పై కిలోమీటర్లు. తాత మగ్గం ఉన్న చోట మూడంతస్తుల ఇల్లు లేచింది. అమ్మ దిగలేదు. "ఇది కాదు" అంది. అది ఏ బస్సూ పోని ఊరని ఆ రోజు తెలిసింది.

తెలిసీ ఒక సాయంత్రం అరిచాను. ఆరోసారో ఏడోసారో మూట పట్టుకున్నప్పుడు, "మామ చచ్చిపోయాడు, మీ నాయనా చచ్చిపోయాడు, ఇదే నీ ఇల్లు" అన్నాను. అమ్మకు ఆ చావులు రెండూ అప్పుడే జరిగాయి. గుండెలు బాదుకుని ఏడ్చింది. అరగంటకు ఎందుకేడ్చిందో మరిచిపోయింది. కానీ కంచం పెడితే నా చేతికి అందకుండా గోడ దగ్గరికి జరిగి కూర్చుంది.

అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. అల్జీమర్స్ ఉన్నవాళ్లకు ఏడిపించే సినిమా ముక్కలు కొన్ని, నవ్వించేవి కొన్ని చూపించారు. చూసిందేమిటో వాళ్లు కాసేపటికే చాలావరకు మరిచిపోయారు. దుఃఖమూ సంతోషమూ మాత్రం మిగిలిపోయాయి. నాకు ఆ పరిశోధన మా వంటింట్లోనే జరిగింది.

గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు మనిషి పతనానికి మెట్లు చెబుతాడు. కోపం, దాంట్లోంచి మోహం, అందులోంచి స్మృతిభ్రంశం, ఆపైన బుద్ధినాశం. అది జబ్బు గురించి చెప్పింది కాదు. ఆ రాత్రి మాత్రం ఆ మెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. దిగింది అమ్మ కాదు. ఎదురుగా ఉన్నది ఎవరో మరిచిపోయినవాణ్ణి నేనే.

ఇంకో సాయంత్రం గడప దాటి వెళ్లిపోయింది. మార్కెట్ యార్డు దారిలో ఒక పండ్లబండి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, సోడా తాగించింది. ఆదోనికది కొత్త కాదు. ఇవాళ రథమెక్కించి ఊరేగించే మహాయోగి లక్ష్మమ్మవ్వను ఆ రోజుల్లో పిచ్చిదనుకున్నారనే చెప్పుకుంటారు. అమ్మ యోగిని అని కాదు నేననేది, అమ్మది జబ్బే. వీధిలో దారితప్పిన ముసలామెను చూడగానే చెయ్యందించడం మాత్రం అవ్వ పేరు చెప్పుకునే ఊరికి తగిన పని.

ఈమధ్య నూలు తెచ్చిచ్చాను. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘానికి తాత నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. నూలు ఒళ్లో పడగానే కొస వెతికింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోగు నలిపి చూసింది. తెగిన చోట ముడేసి, మిగిలిన కొసను పంటితో కొరికేసింది. నా పేరు తెలియని ఆ చేతులకు ముడి తెలుసు.

నిన్న మళ్లీ మూట కట్టింది. "అన్నా, పోదాం." నేను అరుగు మీద పక్కన కూర్చుని, ఆమె చెప్పగా విన్నదే ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను. ఎమ్మిగనూరులో ఒక ఇల్లుండేది, వాకిట్లో వేపచెట్టు, లోపల నాయన గుంట మగ్గం, తెల్లారకముందే నాడె చప్పుడు, గోడవార రాట్నం దగ్గర ఒక చిన్నపిల్ల...

మూట మీద చెయ్యి సడలింది. కాసేపు విని, నావైపు తిరిగి,

"ఒకటి కాదు, రెండు మగ్గాలు" అంది.