కరణము, కర్త, దైవము

మహానవమినాడు ఆయుధపూజ పేరిట పనిముట్లకు పసుపుకుంకుమలు దిద్ది మ్రొక్కు ఆచారము కమ్మరి కొలిమి మొదలు మోటారు మెకానిక్కు షెడ్డు వఱకు వ్యాపించియున్నది. ఇటీవల వేయి, రెండువేల రూపాయలకు దొరకు రోటరీ టూలును కొని సెలవుదినములలో చెక్కపై లతలు చెక్కువారును, గాజుపై పేర్లు వ్రాయువారును ఆ చిన్న యంత్రమునుగూడ దేవుని పీఠము ముందుంచుచున్నారు. మ్రొక్కుట మంచిదే. అయితే అందు బిగించిన పలుచని డిస్కు పగిలి తునుక కంటికి తగిలినప్పుడు, దైవము చిన్నచూపు చూచినదని నిట్టూర్చుట ఎంతవఱకు ధర్మ్యము?

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున ఏ కర్మకైనను అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము అని అయిదు కారణములు చెప్పబడినవి. దైవము కడపటిది. శంకర భగవత్పాదులు అధిష్ఠానమనగా శరీరమనియు, కరణములనగా శ్రోత్రాది ఇంద్రియములనియు వివరించి, దైవమునకు వచ్చునప్పటికి విధి యనక, కన్ను మొదలగువానికి అనుగ్రాహకులైన ఆదిత్యాది దేవతలనిరి. కంటికి దైవము సూర్యుడన్నమాట. ఈ భాష్యమును చదివినవాడు, మసక దీపము క్రింద, కళ్లద్దములు లేక, గిఱ్ఱున తిరుగు చక్రముపై తల వంచి పనిచేసి, తుదకు దైవమును నిందించువానిని చూచి నవ్వుకొనక తప్పదు. నిందించిన ఆ దైవమునే అతడు మొదట గదిలోనికి రానీయలేదు.

పనిముట్టును కరణములలో చేర్చుట నా చనువు, భాష్యకారులు క్షమింతురుగాక. 32 మిల్లీమీటర్ల వ్యాసముగల డిస్కు నిమిషమునకు 30,000 చుట్లు తిరిగినచో దాని అంచు గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తును. చేతికి తెలియునది సన్నని వణకు మాత్రమే. ఆ డిస్కు నిలువుకోతకు ఓర్చునుగాని ప్రక్కకు రవ్వంత వంచినచో పుటుక్కున విఱుగును. రోటరీ టూళ్లు చేయు డ్రెమెల్ కంపెనీ తన తీగె బ్రష్షులకు 15,000 చుట్లే హద్దు పెట్టినది. హద్దు మీఱినచో తీగెలు ఊడి చొక్కాలో గ్రుచ్చుకొనును. క్రొత్త డిస్కును బిగించినవాడు దాని తిరుగు వరుసకు ఎదురుగా నిలువక, ప్రక్కకు తొలగి ఒక నిమిషము ఊరక త్రిప్పి చూచుట చేష్టకు సంబంధించిన శౌచము. కుంకుమబొట్టుకంటె ఇది పెద్ద పూజయని నా అభిప్రాయము.

మార్పుల మాట వచ్చినచో కర్తృత్వ విచారము మఱింత చిక్కనగును. చవుక యంత్రమును కొన్నవాడు దానిని ఉన్నదున్నట్లుంచడు; ఉంచనక్కఱయు లేదు. కాలితో నొక్కు స్విచ్చు అమర్చి రెండు చేతులను పనికి విడిపించుకొనుట, మోటారును వ్రేలాడదీసి వంగెడు షాఫ్టు తగిలించి చేతి బరువు తగ్గించుకొనుట, దళసరి ప్లాస్టిక్కు రేకుతో అడ్డు కట్టుకొనుట, ఇవన్నియు కరణమునకు సంస్కారములు. పెద్ద చక్రము పట్టుటలేదని గార్డును ఊడదీయుట, కొయ్య త్వరగా తెగునని పండ్లున్న రంపపు బిళ్లను బిగించుట, పొడవైన కడ్డీని, దానిని పట్టియుంచు బిగింపైన కాలెట్టులో కొనమాత్రమే దింపి త్రిప్పుట అట్టివి కావు. గార్డనునది మన మెఱుగని యొక పనివాని ముందుచూపునకు వచ్చిన రూపము. మనకు తగులబోవు తునుకను మనకంటె ముందుగా ఊహించినవా డతడు. దానిని తీసివేసిన క్షణమున ఆ ఊహించు భారము మనపై పడును. అతని పాలి కర్మయు మన ఖాతాకే చేరును.

ఇక, తా నొక్కడే కర్తనని తలచువాడు సరిగా చూడనివాడని అదే అధ్యాయమున ఉన్నదికదా యని వేదాంతి యడుగవచ్చును. ఉన్నది. అది అహంకారమునకు వేసిన కళ్లెము. అజాగ్రత్తకు వ్రాసి యిచ్చిన చీటి కాదు. ఆత్మ అకర్త యగుగాక, కాలెట్టును బిగింపవలసినది చేయియే.

ఈ లెక్కలోనికి రానివా డొకడున్నాడు. నిప్పురవ్వలు చూచి ముచ్చటపడి తండ్రి మోచేతి ప్రక్కకు వచ్చి నిలిచిన పిల్లవాడు ఆ కర్మకు కర్తయు కాడు, వాని చేష్టయు అందు లేదు. తునుక మాత్రము వానివైపునకే ఎగురవచ్చును. పూర్వజన్మ ప్రారబ్ధమని పండితులు చెప్పుదురేమో. ఆ మాట వాని తల్లి యెదుట పలుకుటకు నాకు నోరాడదు. వానికిని ఒక జత కళ్లద్దములు కొనవలెను, లేకున్న తలుపునకు గడియ పెట్టి పిదప స్విచ్చు వేయవలెను.